హైదరాబాదులో ఋతువులను బట్టి కారు టైర్ల ఎంపిక, సంరక్షణ

టైరు అనగా వాహన చక్రపు రిమ్ము చుట్టూ అమర్చబడి, లోపల నింపిన గాలి ఒత్తిడితో వాహనం బరువును మోసే రబ్బరు కవచము. కారు రోడ్డును తాకేది నాలుగు టైర్ల వద్ద మాత్రమే. ఒక్కొక్క టైరులో ఏ క్షణాన అయినా నేలను తాకి ఉండే భాగం ఇంచుమించు అరచేయి అంత ఉంటుంది. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వేగం పెంచినా ఆ బలం మొత్తం ఈ నాలుగు చిన్న భాగాల ద్వారానే రోడ్డుకు చేరుతుంది.

చలి దేశాలలో శీతాకాలం రాగానే కారు టైర్లను మార్చడం ఆనవాయితీ. హైదరాబాదు వంటి ఉష్ణ ప్రాంతపు నగరంలో ఆ అవసరం లేదు. అయితే వేసవి ఎండ, వానాకాలపు నీరు, చలికాలపు ఉదయాలు ఒకే టైరుపై మూడు రకాల ప్రభావం చూపుతాయి. కనుక ఏడాది పొడవునా అవే టైర్లు వాడినా, వాటిలో తనిఖీ చేయవలసిన అంశాలు ఋతువును బట్టి మారుతాయి. నగర మధ్యభాగంలోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలు ఇందుకు మంచి ఉదాహరణ.

ప్రాంతం, వాతావరణం

అమీర్‌పేట, పంజాగుట్ట హైదరాబాదులో మిక్కిలి రద్దీగా ఉండే కూడళ్లు. పూణే నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి ఈ రెండు ప్రాంతాల గుండా సాగుతుంది. పూర్వం 9వ నెంబరు జాతీయ రహదారిగా పిలువబడిన ఈ మార్గానికి తరువాత 65వ నెంబరు ఇవ్వబడినది. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి, అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలలోని కంప్యూటరు శిక్షణా సంస్థలు ప్రసిద్ధమైనవి. 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైనప్పటి నుండి అమీర్‌పేట రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషనుగా కూడా ఉన్నది.

ఇక్కడి రోడ్ల మీద కార్లు నిదానంగా, పదే పదే ఆగుతూ కదులుతూ వెళ్తాయి. ప్రతిసారీ బ్రేకు వేయడం, మళ్లీ కదలడం వలన టైరు పైపొర అరుగుతుంది. ఇరుకు సందులలో కారు నిలిపేటప్పుడు పేవ్‌మెంటు అంచుకు రాసుకుని టైరు పక్కగోడలు దెబ్బతినడం కూడా సాధారణం.

అమీర్‌పేటకు ఆనుకుని ఉన్న బేగంపేటలో పాత విమానాశ్రయం వద్ద వాతావరణ కేంద్రం ఉన్నది. హైదరాబాదులో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీల సెంటీగ్రేడు (1966 జూన్ 2). నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు (1946 జనవరి 8). ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ రెండవ వారం ప్రాంతంలో నైఋతి ఋతుపవనాలు ప్రవేశించి, సెప్టెంబరు వరకు ఏడాది వర్షపాతంలో అధికభాగాన్ని ఇస్తాయి.

బంజారా హిల్స్ ఎత్తైన ప్రదేశం, హుస్సేన్ సాగర్ పల్లపు ప్రదేశం. పంజాగుట్ట ఈ రెంటి మధ్య ఉన్నది. అందువలన కొద్దిసేపు గట్టిగా వాన పడినా ఈ రోడ్ల మీద నీరు పారుతుంది, పల్లపు చోట్ల నిలుస్తుంది. 2000 ఆగస్టు, 2020 అక్టోబరు నెలలలో కురిసిన కుంభవృష్టికి నగరంలో అనేక ప్రాంతాలు జలమయమైనవి.

టైరు చరిత్ర

రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరచే వల్కనీకరణ పద్ధతిని 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందినా అది వాడుకలోకి రాలేదు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ దానిని తిరిగి కనుగొని సైకిళ్లకు అమర్చిన తరువాత ప్రచారం పొందినది. 1946లో ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు పొందినది. నేటి కార్లకు దాదాపు అన్నింటికీ రేడియల్ టైర్లే వాడుతున్నారు.

తెలుగు రాష్ట్రాలలో కూడా టైర్ల పరిశ్రమ ఉన్నది. 1946లో మద్రాసులో ఆట బుడగల తయారీతో మొదలైన ఎం.ఆర్.ఎఫ్. సంస్థకు తెలంగాణలోని సదాశివపేటలో కర్మాగారం ఉన్నది. పంజాగుట్ట, అమీర్‌పేటల గుండా వెళ్లే జాతీయ రహదారి మీదనే సదాశివపేట కూడా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లోని చిన్నపండూరు వద్ద అపోలో టైర్స్ కర్మాగారం 2020లో ఉత్పత్తి ప్రారంభించినది.

టైరుపై ఉండే గుర్తులు

టైరు పక్కగోడపై అచ్చువేసి ఉండే అంకెలు, అక్షరాలు దాని పరిమాణాన్ని, శక్తిని తెలుపుతాయి. ఉదాహరణకు 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉన్నచో వాటి అర్థం ఈ విధంగా ఉంటుంది.

* 185 - టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
* 65 - పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం, అనగా సుమారు 120 మి.మీ.
* ఆర్ - రేడియల్ నిర్మాణం.
* 15 - రిమ్ము వ్యాసం, అంగుళాలలో.
* 88 - బరువు సూచిక. ఒక్కొక్క టైరు 560 కిలోల వరకు మోయగలదు.
* హెచ్ - వేగ సూచిక. గంటకు 210 కి.మీ. వరకు తట్టుకోగలదు. ఎస్ అయితే 180, టి అయితే 190, వి అయితే 240 కి.మీ.

వీటితో పాటు నాలుగు అంకెల తేదీ సంఖ్య కూడా ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. 0824 అని ఉంటే ఆ టైరు 2024వ సంవత్సరం 8వ వారంలో తయారైనదని అర్థం. టైరు కొనేటప్పుడు ఈ సంఖ్యను చూడడం అవసరం. వాడకుండా నిల్వ ఉంచినా రబ్బరు కాలక్రమంలో గట్టిపడుతుంది.

ఋతువులను బట్టి టైర్ల రకాలు

ప్రపంచవ్యాప్తంగా కారు టైర్లు మూడు ముఖ్య రకాలుగా లభిస్తున్నాయి.

* వేసవి టైర్లు: వీటి రబ్బరు వేడిలో మెత్తబడిపోకుండా ఉంటుంది. పొడి రోడ్డు మీద, వాన నీటిలో మంచి పట్టునిస్తాయి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కన్న తగ్గినచో వీటి రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుంది.
* శీతాకాలపు టైర్లు: వీటి రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉంటుంది. మంచును పట్టుకొనేందుకు పైపొరలో సన్నని చీలికలు ఎక్కువగా ఉంటాయి. వేడి రోడ్లపై ఇవి త్వరగా అరిగిపోతాయి, బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది.
* సర్వ ఋతు టైర్లు: పై రెండు రకాలకు మధ్యస్థమైనవి. ఒక మాదిరి చలికి సరిపోతాయి.

హైదరాబాదు చరిత్రలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రతయే 6.1 డిగ్రీలు కాబట్టి ఇక్కడ శీతాకాలపు టైర్ల వలన ప్రయోజనం లేదు. భారతదేశంలో కార్లకు సాధారణంగా అమ్మే టైర్లు ఎండకు, వానకు తగినట్లు తయారైనవే. హైదరాబాదు వాసి ఎంపికలో ముఖ్యంగా చూడవలసినవి తడి రోడ్డు మీద పట్టు, వేడిని తట్టుకొనే శక్తి.

వేసవిలో జాగ్రత్తలు

టైరు దొర్లుతున్నప్పుడు ప్రతి చుట్టుకు దాని పక్కగోడ వంగి మళ్లీ నిటారు అవుతుంది. ఈ కదలిక వలన లోపల వేడి పుడుతుంది. గాలి తక్కువగా ఉంటే పక్కగోడ మరింత వంగి వేడి పెరుగుతుంది. రోడ్డు వేడి, ఎక్కువ బరువు, అధిక వేగం దీనికి తోడైనప్పుడు లోపలి పొరలు విడిపోయి టైరు పేలవచ్చు. అమీర్‌పేట రద్దీలో ఈ లోపం బయటపడకపోవచ్చు. అదే కారు బాహ్య వలయ రహదారి ఎక్కి గంటసేపు వేగంగా వెళ్లినప్పుడు ప్రాణాపాయం కలిగించగలదు.

వేసవిలో టైరు పేలుతుందని భయపడి గాలి తగ్గించి నింపించుకొనే అలవాటు కొందరిలో ఉన్నది. ఇది ప్రమాదకరమైన అపోహ. ప్రయాణంలో వేడికి ఒత్తిడి పెరుగుతుందన్న విషయాన్ని లెక్కలోకి తీసుకునే తయారీదారులు గాలి కొలతను నిర్ణయిస్తారు. గాలి తగ్గించినచో వేడి తగ్గకపోగా పెరుగుతుంది.

గాలి కొలత డ్రైవరు తలుపు పక్కన అతికించిన పట్టికలో గాని, కారు పుస్తకంలో గాని ఉంటుంది. టైరు పక్కగోడపై ముద్రించిన ఒత్తిడి ఆ టైరు భరించగల గరిష్ఠ పరిమితి మాత్రమే, నింపవలసిన కొలత కాదు. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు, లేదా ఒకటి రెండు కిలోమీటర్ల కన్న ఎక్కువ నడవక ముందు గాలి చూడాలి. దూరం నడిచి వేడెక్కిన టైరులో ఒత్తిడి ఎక్కువ చూపినా గాలి తీయరాదు. ఎండలో ఎక్కువ కాలం నిలిపి ఉంచిన కార్ల టైర్ల పక్కగోడలపై సన్నని పగుళ్లు వస్తాయి. నీడలో నిలపడం మంచిది.

వానాకాలంలో జాగ్రత్తలు

హైదరాబాదులో టైరుకు అసలైన పరీక్ష వానాకాలమే. వేసవి అంతా రోడ్డు మీద పేరుకొన్న దుమ్ము, ఇంజను నూనె మరకలు తొలకరి జల్లుతో కలిసి జారుడు పొరగా మారుతాయి. రోడ్డు పూర్తిగా కడిగినట్లు అయ్యే వరకు మొదటి వానలు ఎక్కువ ప్రమాదకరమైనవి. రోడ్డు మీది రంగు గీతలు, మ్యాన్‌హోళ్ల ఇనుప మూతలు తడిసినప్పుడు మరింతగా జారుతాయి.

ఘర్షణ గుణకం పొడి రోడ్డు మీద 0.7, తడి రోడ్డు మీద 0.4 అనుకుంటే, గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్లే కారు బ్రేకు పడిన తరువాత పొడి రోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద అదే కారు ఆగడానికి సుమారు 25 మీటర్లు కావాలి. డ్రైవరు తేరుకొని బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టినచో ఆ సెకనులో కారు మరో 14 మీటర్లు ముందుకు పోతుంది. పంజాగుట్ట కూడలిలో ముందు వెళ్లే బస్సుకు, వెనుక వచ్చే కారుకు మధ్య ఇంత ఎడం చాలా అరుదుగా ఉంటుంది.

టైరు పైనున్న గాడుల పని నీటిని పక్కకు పంపి రబ్బరును రోడ్డుకు తాకనివ్వడం. రోడ్డు మీద 3 మి.మీ. నీరు ఉండగా 185 మి.మీ. వెడల్పు గల టైరు 80 కి.మీ. వేగంతో వెళ్తే, అది ప్రతి సెకనుకు సుమారు 12 లీటర్ల నీటిని తొలగించవలసి ఉంటుంది. గాడులు అరిగిపోయినచో నీరు పోయే దారి ఉండదు. అప్పుడు టైరు నీటి పొర మీద తేలిపోయి స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయకుండా పోతాయి. దీనిని జలతేలిక అనవచ్చును.

గాలి ఒత్తిడి తగ్గినకొద్దీ తక్కువ వేగంలోనే టైరు తేలుతుంది. విమానాల టైర్లపై జరిగిన పరిశోధనలలో రూపొందిన ఒక సూత్రం ప్రకారం 33 పి.ఎస్.ఐ. గాలి ఉన్న నున్నని టైరు గంటకు సుమారు 95 కి.మీ. వద్ద తేలుతుంది. గాలి 24 పి.ఎస్.ఐ.కి తగ్గితే సుమారు 82 కి.మీ. వద్దనే తేలుతుంది. ఇటువంటి వేగం నగరం మధ్యలో అరుదు, బయటి రహదారులపై సామాన్యం.

వానలు మొదలు కాక ముందే, అనగా మే నెలాఖరులోగా, ఈ క్రింది తనిఖీలు పూర్తి చేయడం మంచిది.

* గాడుల లోతు: కొత్త కారు టైరులో గాడులు సుమారు 7 నుండి 8 మి.మీ. లోతు ఉంటాయి. గాడి అడుగున 1.6 మి.మీ. ఎత్తున చిన్న రబ్బరు మిట్టలు ఉంటాయి. పైపొర అరిగి ఆ మిట్టలతో సమానమైతే టైరు పనికిరాదు. తడి రోడ్ల దృష్ట్యా 3 మి.మీ. వద్దనే మార్చడం క్షేమకరం.
* అరుగుదల తీరు: ఒక అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంటు లోపం, నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ అని గుర్తించాలి.
* పక్కగోడలు: ఉబ్బు, కోత, పగుళ్లు ఉన్నవేమో లోపలి వైపు కూడా చూడాలి.
* స్టెప్నీ: దానిలో గాలి ఉన్నదో లేదో చూడాలి. వానలో పంక్చరు అయిన తరువాత చూసి ప్రయోజనం లేదు.

రెండు టైర్లు మాత్రమే మార్చవలసి వస్తే కొత్తవాటిని వెనుక చక్రాలకు అమర్చాలని తయారీదారులు సూచిస్తారు. ముందు చక్రాలు జారితే డ్రైవరుకు స్టీరింగులో తెలుస్తుంది. వెనుక చక్రాలు జారితే కారు ఒక్కసారిగా గిరగిర తిరిగిపోవచ్చు, దానిని అదుపు చేయడం కష్టం.

నీరు నిలిచిన చోట గుంతలు కనబడవు. గుంతలో వేగంగా పడితే రిమ్ము వంగుతుంది, లేదా పక్కగోడలోని దారాలు తెగి ఉబ్బు వస్తుంది. ఉబ్బు వచ్చిన టైరును వెంటనే మార్చాలి. రబ్బరు తడిగా ఉన్నప్పుడు మేకులు, గాజు పెంకులు సులభంగా దిగుతాయి కనుక వానాకాలంలో పంక్చర్లు కూడా ఎక్కువ. సుమారు 30 సెం.మీ. లోతున పారుతున్న నీరు చాలా కార్లను కదిలించగలదు. ఎంత మంచి టైరు అయినా అటువంటి నీటిలో పనిచేయదు కనుక ఆ దారిన వెళ్లకపోవడమే మంచిది.

చలికాలంలో జాగ్రత్తలు

ఉష్ణోగ్రత తగ్గినప్పుడు టైరులోని గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది. కారు టైరులో ప్రతి 10 డిగ్రీల తేడాకు ఇంచుమించు 1.5 పి.ఎస్.ఐ. మార్పు ఉంటుంది. మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీల వద్ద 33 పి.ఎస్.ఐ. నింపిన టైరు, చుక్క గాలి పోకపోయినా, డిసెంబరు ఉదయం 14 డిగ్రీల వద్ద సుమారు 29 మాత్రమే చూపుతుంది. దీనికి తోడు ఏ టైరు నుండి అయినా నెలకు ఒకటి, రెండు పి.ఎస్.ఐ. మేర గాలి సహజంగా తగ్గుతుంది. కనుక దీపావళి తరువాత ఒకసారి గాలి తప్పక చూపించుకోవాలి. గాలి తగ్గిన టైరు వలన పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, అంచులు త్వరగా అరుగుతాయి.

నిత్య సంరక్షణ

* గాలి: రెండు వారాలకు ఒకసారి, దూర ప్రయాణానికి ముందు చూడాలి. పెట్రోలు బంకులలో గాలి ఉచితంగా నింపుతారు. నైట్రోజను నింపినచో ఒత్తిడి కొంత నిదానంగా తగ్గుతుంది. అయితే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజను ఉన్నది. ఏది నింపినా తనిఖీ తప్పదు.
* స్థానాలు మార్చడం: ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు టైర్లు త్వరగా అరుగుతాయి. సుమారు 8,000 నుండి 10,000 కి.మీ.లకు ఒకసారి ముందు, వెనుక టైర్లను పరస్పరం మార్చాలి.
* అలైన్‌మెంటు, బ్యాలెన్సింగ్: కారు ఒక పక్కకు లాగినా, స్టీరింగు వణికినా, పెద్ద గుంతలో పడినా వెంటనే చేయించాలి.
* పంక్చరు: నేలను తాకే భాగం నడుమ, సుమారు 6 మి.మీ. వరకు ఉన్న రంధ్రాన్ని మాత్రమే పూడ్చవచ్చు. బయటి నుండి రబ్బరు పట్టీ దూర్చడం తాత్కాలికం. టైరును విప్పి లోపలి నుండి అతుకు వేయడం మన్నికైన పద్ధతి. పక్కగోడకు పడిన రంధ్రాన్ని పూడ్చరాదు.
* వయస్సు: 5 సంవత్సరాలు దాటిన టైరును ఏటా నిపుణునితో పరీక్ష చేయించాలని, గాడులు మిగిలి ఉన్నా 10 సంవత్సరాలకు మించి వాడరాదని పలు తయారీ సంస్థలు సూచిస్తున్నాయి.

అద్దె కార్లు నడిపేవారికి నాలుగు టైర్లు ఒకేసారి మార్చడం పెద్ద ఖర్చు. అందువలన కొందరు పాత టైర్లను కొంటారు. పాత టైరులో గతంలో తగిలిన దెబ్బలు, లోపలి అతుకులు బయటికి కనబడవు. అరిగిన గాడులను కోసి లోతు చేసిన టైరు చూపునకు కొత్తదిగా ఉన్నా, దాని లోపలి పొరపై మిగిలే రబ్బరు చాలా పలుచన. అటువంటివి వేడికి, గుంతలకు తట్టుకోలేవు. ఖర్చు తగ్గించుకోవడానికి గాలి సరిగా ఉంచడం, సకాలంలో స్థానాలు మార్చడం ఇంతకన్న మేలైన మార్గాలు.

చట్టాలు, ప్రమాణాలు

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో టైర్ల స్థితికి సంబంధించిన నిబంధనలు ఉన్నాయి. దాని ప్రకారం కార్ల టైర్ల గాడుల లోతు 1.6 మి.మీ. కన్న తక్కువ ఉండరాదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఈ పరిమితి 0.8 మి.మీ. కేంద్ర ప్రభుత్వం 2009లో జారీ చేసిన ఉత్తర్వు ద్వారా మోటారు వాహనాల టైర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయబడినది. 2020లో చేసిన సవరణ ప్రకారం ట్యూబు లేని టైర్లు, గాలి ఒత్తిడిని తెలిపే పరికరం, పంక్చరు సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. 2022లో టైర్ల తడి పట్టు, దొర్లుడు నిరోధం, శబ్దం అనే మూడు అంశాలకు ప్రమాణాలు నిర్దేశించబడినవి.

విదేశాలలోని తెలుగువారు

అమీర్‌పేటలో శిక్షణ పొంది అమెరికా, కెనడా వెళ్లిన తెలుగువారికి అక్కడ టైర్ల విషయంలో భిన్నమైన అనుభవం ఎదురవుతుంది. అక్కడి చాలా కార్లకు సర్వ ఋతు టైర్లు ఉంటాయి. వాటిపై ఉండే ఎం ప్లస్ ఎస్ అనే గుర్తు బురద, మంచులను సూచించినా, అది తీవ్రమైన మంచుకు హామీ కాదు. మూడు శిఖరాల కొండ, దానిలో మంచు రేకు గల గుర్తు ఉన్న టైర్లు మాత్రమే మంచు పరీక్షలో నెగ్గినవి. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. హైదరాబాదులో ఎండకు, వానకు సరిపోయిన టైరు అక్కడి చలిలో బిరుసెక్కుతుంది. అక్కడి శీతాకాలపు టైరు హైదరాబాదు వేసవిలో త్వరగా అరిగిపోతుంది.

ఇవి కూడా చూడండి

* అమీర్‌పేట
* పంజాగుట్ట
* హైదరాబాదు వాతావరణం
* రబ్బరు
* ఘర్షణ
* జాతీయ రహదారి 65